ఆపత్కాలంలో సంఘ సమావేశాలు – పాటించవలసిన నియమాలు

(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు అప్పగించిన విషయం కొంచెం పొడిగా కనిపించవచ్చు. దాణా గురించో, గాలికుంటు టీకాల గురించో చెబితే మీకు వినడానికి బాగుండేది. సమావేశాలు ఎలా జరపాలి అన్నది కార్యదర్శి చూసుకునే కాగితాల పని అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదని మాకు ఈ ప్రాంతంలోనే ఒక సంఘం నేర్పింది. దాని పేరు చెప్పము. పేరు ముఖ్యం కాదు. అటువంటిది ఏ సంఘంలోనైనా జరగవచ్చు.

2020 మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ అమలయింది. పాలు నిత్యావసరం గనుక సేకరణకు మినహాయింపు దొరికింది. అయితే హోటళ్ళు, టీ అంగళ్ళు, మిఠాయి కొట్లు మూతపడ్డాయి. పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. పాలు పోసేవారు పోస్తూనే ఉన్నారు, కొనేవారు తగ్గారు. ఏప్రిల్ నెలలో హిందూపురంలో కొన్ని పేటలు కట్టడి ప్రాంతాలైనాయి. పక్క ఊరికి పోవాలన్నా పోలీసువారికి కారణం చెప్పవలసి వచ్చింది.

మేము చెప్పే సంఘంలో పాలక వర్గ సభ్యులు తొమ్మిది మంది. సాయంత్రం సేకరణ కొన్నాళ్ళు ఆపాలా, వద్దా అన్న ప్రశ్న వచ్చింది. అధ్యక్షుడు ఇంట్లో కూర్చుని నలుగురికి ఒకరి తర్వాత ఒకరికి ఫోను చేశాడు. ఒక్కొక్కరితో "మిగతావాళ్ళు సరేనన్నారు, నువ్వేమంటావు?" అన్నాడు. అందరూ సరేనన్నాక తానెందుకు అడ్డం పడాలని ఒక్కొక్కరూ సరేనన్నారు. తనతో కలిపి ఐదుగురైనారు, మెజారిటీ వచ్చిందనుకున్నాడు. మిగిలిన నలుగురికి ఫోనే రాలేదు. మరుసటి సాయంత్రం సభ్యులు క్యాన్లు, చెంబులు పట్టుకొని వస్తే కేంద్రానికి తాళం వేసి ఉంది.

ఒక్క ఎనుముతో బతికే ఒక ముసలామె అక్కడ నిలబడి, "ఎప్పుడు కూడినారు? ఎవరెవరు కూడినారు? ఎక్కడ రాసినారు?" అని అడిగింది. మూడు ప్రశ్నలకూ జవాబు లేకపోయింది. ఆమె మూడు లీటర్ల పాలు ఆ పూట ఇరుగుపొరుగుకు పంచింది. వారం తిరగకముందే ఆమెతో సహా కొన్ని ఇళ్ళవారు ప్రైవేటు వెండరుకు పోయడం మొదలుపెట్టారు. వెండరు ధర తక్కువ ఇచ్చాడు, వెన్న శాతం చూపించలేదు. అయినా పోయారు. వాళ్ళను తిరిగి సంఘానికి తేవడానికి ఏడాది పైన పట్టింది.

ఆ తప్పులో మాకూ పాలుంది. ఆ అధ్యక్షుడు ముందుగా మాకే ఫోను చేశాడు. మేము "సరే కానివ్వండి, పుస్తకంలో తర్వాత రాసుకోవచ్చు" అన్నాము. సేకరణ ఒక పూట ఆపడం తప్పు అని మేమనడం లేదు. ఆ పరిస్థితిలో అది సరైన నిర్ణయమే అయి ఉండవచ్చు. కాని సరైన నిర్ణయాన్ని సరికాని పద్ధతిలో చేస్తే సభ్యులు నిర్ణయాన్నీ నమ్మరు, చేసినవారినీ నమ్మరు. అప్పటినుంచి ఈ విషయం మా మనసులో ఉంది. అందుకే ఈనాడు మీ ముందు నిలబడినాము.

ఇంకొక సంగతి గుర్తు చేస్తాము. లాక్‌డౌన్ వచ్చిన నాటికి మన రాష్ట్రంలో గ్రామ పంచాయతీల గడువు 2018 ఆగస్టులోను, పురపాలక సంఘాల గడువు 2019 జూలైలోను ముగిసిపోయి ఉన్నాయి. స్థానిక ఎన్నికలు 2020 మార్చి 15న వాయిదా పడ్డాయి. పంచాయతీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో, హిందూపురం, ధర్మవరం పురపాలక ఎన్నికలు 2021 మార్చిలో, పెనుకొండ నగర పంచాయతీ ఎన్నికలు 2021 నవంబరులో జరిగాయి. అంతవరకు ప్రత్యేకాధికారులే పాలించారు. అంటే అత్యంత కష్టకాలంలో ఊళ్ళో సర్పంచీ లేడు, వార్డు సభ్యుడూ లేడు. ఎన్నికైన పాలక వర్గం ఉన్న పాల సంఘమే ఆ ఊరివారు తాము ఎన్నుకున్నవారిని నిలదీసి అడగగలిగిన చోటుగా మిగిలింది. అటువంటి చోట కూడా తాళం కప్పే జవాబైతే ఎలా?

ఇతరులు ఈ ఇబ్బందిని ఎలా దాటారో చూద్దాము.

కంపెనీల వారికి ఈ వసతి ముందునుంచే ఉంది. 2013 కంపెనీల చట్టం డైరెక్టర్లు వీడియో ద్వారా బోర్డు సమావేశంలో పాల్గొనవచ్చునని చెప్పింది. 2014 నిబంధనల్లో పద్ధతి రాశారు. సమావేశం మొదట్లో ప్రతి డైరెక్టరు తన పేరు, తానున్న చోటు చెప్పాలి. ఎజెండా తనకు అందిందని చెప్పాలి. తన పక్కన వేరెవరూ లేరని చెప్పాలి. ఒక్కొక్క అంశం ముగియగానే అధ్యక్షుడు నిర్ణయాన్ని క్లుప్తంగా వినిపించి, కాదన్నవారి పేర్లు కూడా చెప్పాలి. పదిహేను రోజులలోగా మినిట్సు చిత్తుప్రతి అందరికీ పంపాలి. వాటాదారుల సమావేశాలకు కూడా 2020 ఏప్రిల్, మే నెలల్లో కేంద్ర ప్రభుత్వం సర్క్యులర్ల ద్వారా అనుమతి ఇచ్చింది. ఇవి మన సంఘాలకు వర్తించే నియమాలు కావు. కాని వీటిలోని ఇంగితం మనకూ పనికివస్తుంది.

న్యాయస్థానాల సంగతి చూడండి. 2020 ఏప్రిల్ 6న సుప్రీంకోర్టు వీడియో విచారణలకు మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో రెండు మాటలు మనం పట్టుకోవాలి. వీడియో సాధనం లేని కక్షిదారుకు కోర్టే ఆ వసతి కల్పించాలి అన్నది ఒకటి. నియమాలు తయారయ్యేదాకా వీడియోను ముఖ్యంగా వాదనలు వినడానికే వాడాలి, ఇరుపక్షాలు ఒప్పుకోనిదే సాక్ష్యం నమోదు చేయకూడదు అన్నది రెండవది. లేనివాడికి సాధనం ఇవ్వాలి, కొన్ని పనులు తీగమీద చేయకూడదు – ఈ రెండే మొత్తం విషయానికి మూలం.

మన శాసనసభలో 2020 జూన్ 16న గవర్నరు శ్రీ బిశ్వభూషణ్ హరిచందన్ రాజభవన్ నుంచే వీడియో ద్వారా ఉభయ సభల సభ్యులనుద్దేశించి ప్రసంగించారు. బడ్జెట్టును మాత్రం శాసనసభ్యులు సభకు వచ్చి కూర్చునే ఆమోదించారు. ప్రసంగం దూరం నుంచి వినవచ్చు. డబ్బు లెక్క ముఖాముఖిగా తేల్చుకోవాలన్న మాట.

విదేశాల్లో కూడా ఇదే తంటా. ఇంగ్లండులో స్థానిక సభలు కూడకుండానే సమావేశం కావచ్చునని 2020లో ప్రత్యేక చట్టం చేశారు. అది 2021 మే 7 వరకే. ఆ గడువు తర్వాత పాత 1972 చట్టం ప్రకారం వీడియో సమావేశాలు చెల్లవని అక్కడి హైకోర్టు 2021 ఏప్రిల్ 28న తేల్చింది. అధికారం రాతపూర్వకంగా లేకపోతే మంచి ఉద్దేశంతో జరిపిన సమావేశం కూడా నిలవదని దీనివల్ల తెలుస్తున్నది. అదే దేశంలో హ్యాండ్‌ఫోర్త్ అనే చిన్న ఊరి సభ 2020 డిసెంబరులో వీడియోలో కూడింది. ఆ సమావేశం చెల్లదని అధ్యక్షుడు వాదిస్తుండగా, యంత్రం నడుపుతున్న అధికారిణి ఆయనను సమావేశంలోంచి తొలగించింది. తర్వాత అరిచిన మరి ఇద్దరినీ తొలగించింది. ఆ దృశ్యాన్ని లోకమంతా చూసి నవ్వింది. మనం నవ్వి ఊరుకోకూడదు. కూడి కూర్చున్న సభలో ఒక మనిషిని బయటికి పంపాలంటే రెక్క పట్టుకోవాలి, పదిమంది చూస్తారు. వీడియోలో ఒక వేలితో నొక్కితే చాలు. ఆ వేలు ఎవరిది అన్నది ముందే తేల్చుకోవాలి.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రానికి 1953 నాటి బహిరంగ సమావేశాల చట్టం ఉంది. 2021లో దానికి చేసిన ఒక సవరణ 2024 జనవరి 1 వరకు అమలులో ఉండింది. ఆపద ఇంకా ఉన్నదా, లేదా అని ముప్ఫై రోజులకొకసారి ఆ సభే మళ్ళీ తీర్మానించుకోవాలన్నారు. జనం వినే లైను తెగిపోతే అది బాగయ్యేదాకా ఏ నిర్ణయమూ చేయకూడదన్నారు. ఈ రెండూ మన ఊళ్ళకు కూడా సరిగ్గా అతుకుతాయి.

ఇక మన సంఘాల విషయానికి వద్దాము. మీలో 1964 సహకార సంఘాల చట్టం కింద ఉన్నవారున్నారు, 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కిందికి మారినవారూ ఉన్నారు. ముందుగా మీ చట్టం ఏది, మీ బైలాలో సమావేశాల గురించి ఏముంది అని చూసుకోండి. ఎలక్ట్రానిక్ రికార్డుకు 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం గుర్తింపు ఇచ్చింది. అంతమాత్రాన ఏ ఫోను సంభాషణ అయినా సమావేశం అయిపోదు. బైలాలో మార్గం ఉండాలి. ఆపద వచ్చాక బైలా సవరణకు కూడలేము గనుక, ఆ పని ఇప్పుడు, మామూలు రోజుల్లోనే చేసుకోవాలి. సవరణలో ఈ కింది నియమాలు ఉండేలా చూడవలసిందిగా మా మనవి.

మొదటిది: ఆపద అని ఎవరు అనాలి? అధ్యక్షుడికి పొలం పని ఉండడం ఆపద కాదు. ప్రభుత్వమో, కలెక్టరో ఉత్తర్వు ఇచ్చినప్పుడు, లేక వరదకు దారులు తెగినప్పుడు మాత్రమే ఈ పద్ధతి. ముప్ఫై రోజులకొకసారి పాలక వర్గం మళ్ళీ తీర్మానించాలి. లేకపోతే దానంతటదే ముగిసిపోవాలి.

రెండవది: నోటీసు. ఫోనులో సందేశం పంపితే అందరికీ చేరినట్లు కాదు. సేకరణ కేంద్రం బోర్డు మీద రాయాలి, ఊళ్ళో చాటింపు వేయించాలి. అంశాలు విడివిడిగా ఉండాలి. "అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు" అన్న పంక్తి కింద ఫోను సమావేశంలో ఏదీ తీర్మానించకూడదు.

మూడవది: హాజరు. అందరూ ఒకే లైనులో, ఒకరి మాట ఒకరు వినేటట్లు ఉండాలి. ఒక్కొక్కరికి విడిగా ఫోను చేసి సరే అనిపించుకోవడం సమావేశం కాదు. ప్రతి సభ్యుడూ పేరు, ఉన్న చోటు, పక్కన ఎవరున్నారో చెప్పాలి. ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మహిళా సంఘాల్లో డైరెక్టరు అక్కయ్య, ఫోను బావ చేతిలో ఉంటుంది. "ఆమె బదులు నేను చెబుతున్నాను" అంటాడు. కూడిన సభలో ఆ పని చేయడానికి ఎవరైనా సందేహిస్తారు, ఫోనులో సందేహించరు. ఎన్నికైన మనిషి గొంతు వినబడితేనే హాజరు వేయాలి.

నాలుగవది: ఫోను లేనివారు. సంఘం సొంత ఖర్చుతో సేకరణ కేంద్రంలో ఒక ఫోనుకు స్పీకరు పెట్టి సమావేశం వినిపించాలి. ఫోను లేని పాలక వర్గ సభ్యుడు అక్కడికే వచ్చి పాల్గొనవచ్చు. సభ్యులు దూరదూరంగా నిలబడి వినవచ్చు. సమయం పాలు పోసే వేళకు అనుకూలంగా పెట్టండి. పాలు పోసే మనిషి ఎలాగూ కేంద్రానికి వస్తుంది.

ఐదవది: ఓటు. ఒక్కొక్కరి పేరు పిలిచి అవునా, కాదా అని అడిగి రాయాలి. మౌనాన్ని అంగీకారంగా తీసుకోకూడదు. లైను తెగి ఉండవచ్చు. మధ్యలో ఎవరైనా తప్పిపోతే ఆగి, కోరం మళ్ళీ లెక్కించాలి. కేంద్రంలో వినిపించే ఫోను ఆగితే నిర్ణయాలు కూడా ఆగాలి.

ఆరవది: యంత్రం నడిపేవారు. కార్యదర్శి నడపవచ్చును గాని, ఎవరినైనా తొలగించే అధికారం ఆయనకు ఉండకూడదు. గోల ఎక్కువైతే అధ్యక్షుడు కారణం చెప్పి కాసేపు గొంతు ఆపించవచ్చు. ఆ కారణం మినిట్సులో రాయాలి. ఓటు వేళకు ఆ సభ్యుడి గొంతు మళ్ళీ తెరవాలి.

ఏడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఏవి తీర్మానించకూడదు? ఆపితే పాలు విరిగేవి, పశువు చచ్చేవి, జీతం ఆగేవి మాత్రమే ఫోను సమావేశంలో తేల్చండి. సేకరణ వేళలు, క్యాన్ల రవాణా, మందులు, దాణా కొనుగోలు, సభ్యులకు బట్వాడా ఇటువంటివి. ఎన్నికలు, బైలా సవరణ, సభ్యుడి తొలగింపు, స్థలం గాని బల్క్ కూలరు గాని అమ్మడం, వార్షిక లెక్కలు, బోనసు పంపకం – ఇవి ఆగితే నష్టం తక్కువ, తొందరపడితే నష్టం ఎక్కువ. ఇవి మహాజన సభ ముందుకే రావాలి. సంఘంలో తుది అధికారం మహాజన సభది. మూడు వందల మంది సభ్యుల సభను ఫోనులో జరిపితే పదిమంది మాట్లాడతారు, మిగతావారికి ఏమి జరిగిందో తెలియదు. గడువు దాటేటట్లుంటే సంబంధిత అధికారికి ముందుగానే రాసి మార్గం అడగండి.

ఎనిమిదవది: రాత. ఆ రోజే మినిట్సు పుస్తకంలో రాయాలి. మరుసటి పూట పాలు పోసే వేళ కేంద్రంలో చదివి వినిపించాలి, ఒక ప్రతి గోడకు అంటించాలి. రికార్డు చేసినట్లయితే అది ఎవరి దగ్గర ఉన్నదో పుస్తకంలో రాయాలి. తర్వాత ముఖాముఖి కూడిన మొదటి సమావేశంలో ఆ తీర్మానాలన్నీ తిరిగి చదివి ఆమోదం పొందాలి. ఆమోదం దొరకనిది అంతటితో ఆగిపోవాలి.

ఇన్ని నియమాలు పెట్టుకుంటే ఆపదలో చేతులు కట్టుకున్నట్లు కాదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి మా జవాబు ఇది. మేము మొదట చెప్పిన సంఘం ఈ నియమాలన్నీ పాటించి ఉంటే ఎంత కాలం పట్టేది? పొద్దున పాలు పోసేటప్పుడు చాటింపు, సాయంత్రం ఒక గంట ఫోను సమావేశం, మరుసటి పొద్దున చదివి వినిపించడం. ఒక్క రోజు ఆలస్యం. ఆ ఒక్క రోజు ఆగి ఉంటే ఆ ముసలామె పాలతో తాళం ముందు నిలబడేది కాదు. ఫోను రాని ఆ నలుగురిలో ఒకరు, సాయంత్రం పాలను తోడుపెట్టుకునే వసతి లేని ఇళ్ళ సంగతి ఎత్తి ఉండేవారేమో. సేకరణ పూర్తిగా ఆపకుండా, ఒక్కొక్క ఇంటికి ఇంత అని పరిమితి పెట్టే ఉపాయం తోచి ఉండేదేమో.

ఫోను సమావేశానికి కూడా ఒక హద్దు ఉంది. 2021 నవంబరు వానలకు ఈ సీమలో, ఎప్పుడూ ఎండి కనిపించే ఏళ్ళు పొంగాయి. చిత్రావతిలో చిక్కుకున్నవారిని హెలికాప్టరుతో తీయవలసి వచ్చింది. అటువంటి నాడు కరెంటూ ఉండదు, సిగ్నలూ ఉండదు. అందుచేత ఎక్కువలో ఎక్కువ రెండు మూడు రోజులపాటు అధ్యక్షుడు, కార్యదర్శి, ఒక మహిళా సభ్యురాలు – ఈ ముగ్గురూ కలిసి పాల సేకరణకు సంబంధించిన అత్యవసర పనులు చూసుకునే అధికారం బైలాలో పెట్టుకోవడం మంచిది. దారి తెరుచుకోగానే వారు పాలక వర్గానికి లెక్క చెప్పాలి.

ఈ ప్రసంగం మీ ఊరికి తీసుకుపోయి, రాబోయే పాలక వర్గ సమావేశంలో ఒక్కసారి చదివించండి. మీ బైలా తీసి పక్కన పెట్టుకోండి. ఏది లేదో గుర్తు పెట్టుకొని, రాబోయే మహాజన సభ ఎజెండాలో సవరణను చేర్చండి. ముసాయిదా రాయడంలో సహాయం కావాలంటే మేము వస్తాము. ఈసారి ఎవరైనా ఆపద వేళ ఫోను చేస్తే "తర్వాత రాసుకోండి" అని మాత్రం మేము చెప్పము.

ఆ ముసలామె ఇప్పుడు సంఘానికే పాలు పోస్తున్నది. ఆమె అడిగిన మూడు ప్రశ్నలు – ఎప్పుడు కూడినారు, ఎవరెవరు కూడినారు, ఎక్కడ రాసినారు – ఆ సంఘం వారు కేంద్రం గోడమీద పెయింటుతో రాయించుకున్నారు. పాలు పోసే ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ రోజుకు రెండు పూటలా దాన్ని చూస్తారు. మీ కేంద్రాల్లో కూడా అంత చోటు ఉంటుందని మా నమ్మకం.

 సాయంత్రం పాల వేళకు అందరూ ఇళ్ళు చేరుకోవాలి గనుక ఇంతటితో ముగిస్తున్నాము.